పికప్పు బండికి పెద్ద టైర్లు: కొనుటకు ముందు తెలియవలసినవి



నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగును, అక్కర కలిగినప్పుడు గణితమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాట గురువుల సన్నిధిని కావ్యములును వ్యాకరణమును చదువుకొన్నవాడను. అట్టివాడు మోటారు బండి టైర్లను గూర్చి ప్రసంగించుట యేమని మీకు తోచవచ్చును. కొన్నియేండ్ల క్రిందట నాకును అట్లే తోచియుండెడిది. ఇప్పుడు ఏల తోచుటలేదో ముందుగా మనవి చేసెదను.

నా తమ్ముని కుమారునకు ఒక పికప్పు బండి కలదు. ఊరివారి కూరగాయలను తెల్లవారకమునుపే పట్టణమునకు చేర్చుట వాని జీవనము. ఒకనాడు వాడు నాయొద్దకు వచ్చి, “పెదనాన్నా, మన డొంకలో బండి అడుగు రాళ్లకు కొట్టుకుంటోంది. పెద్ద టైర్లు వేయిస్తే ఆ బాధ పోతుంది. వాడినవి చవగ్గా దొరుకుతున్నాయి. కొంచెం డబ్బు సర్దుతారా?” అని అడిగెను. బిడ్డ కష్టపడువాడు, నాకు పింఛను వచ్చుచున్నది, ఇచ్చితిని. ఆ టైర్లు ఎట్టివని ఒక్క ప్రశ్నయైనను వేయనైతిని.

నెల తిరుగకమునుపే, ఎండ మండుచున్న మధ్యాహ్నమున, టమాటాల బరువుతో పోవుచున్న ఆ బండి వెనుక టైరు పగిలెను. బండి దారి తప్పి పొలము గట్టునకు ఒరిగెను. దైవము మేలుచేసి ప్రాణములు నిలిచినవి గాని, ముందు కూర్చున్న కూలి మనిషికి కుడిచేయి విరిగెను. మూడు నెలలు ఆతడు పనికి పోలేదు. మేము చేయదగిన సాయము చేసితిమి. అయినను, ఆ చేతిని చూచినప్పుడెల్ల ఆ టైర్లకు డబ్బిచ్చినది నేనేయని మనసు గ్రుచ్చుకొనును.

బండిని బాగుచేసిన ముసలి మేస్త్రి ఆ టైరును దొర్లించి తెచ్చి నాముందు పెట్టి, “మాస్టారూ, దీనిమీద రాసివుంది చదవండి” అనెను. ఆతడు మూడు తప్పులు చూపెను. ఆ టైరు మోయగల బరువు బండికి చాలదు. దాని వయస్సు ఏడేండ్లు దాటినది. దాని భుజము బండి అడుగుననున్న ఇనుపపట్టీకి రాచుకొని గీతపడియున్నది. మొదటి రెండును టైరుమీదనే అంకెలలో వ్రాసియున్నవి. వేలకొలది పిల్లలకు అంకెలు దిద్దించిన నేను వానిని చదువలేదు. తరువాత చదివితిని. అదియే నేడు మీకు చెప్పబోవునది. టైర్లు కొనువారు యువకులే కావచ్చును. కాని డబ్బిచ్చువారును, “సరే” యనువారును మనమే కదా.

మన పూర్వులకు చక్రము క్రొత్తది గాదు. నేమి, నాభి, అరము, అక్షము అని సంస్కృతమున దాని యంగములకు పేళ్లున్నవి. మన వడ్రంగులు ఇరుసు, ఆకు, పట్టా అందురు. చక్రపు అంచునకు ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీరు పోసి బిగించుట మీలో చాలమంది చూచియే యుందురు. ఆ పట్టా అరుగకుండ కాపాడును గాని కుదుపును తగ్గింపలేదు. కుదుపును తగ్గించునది గాలి. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసినచో అది ఎండకు కరగక, చలికి పగులక నిలుచునని కనుగొనెను. 1845లో స్కాట్లండు దేశీయుడగు రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన టైరునకు హక్కుపత్రము పొందెను. అది వాడుకలోనికి రాలేదు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు బెల్ఫాస్టు నగరమున, తన కుమారుని మూడుచక్రముల బండికై చేసినదానిని మెరుగుపరచి మరల హక్కు పొందెను. అప్పటినుండి గాలిటైరు లోకమంతట వ్యాపించినది.

ఇచ్చట ఒక మాటను గట్టిగా పట్టుకొనవలెను. బండి బరువును మోయునది రబ్బరు కాదు. రబ్బరు లోపల బిగబట్టిన గాలి. రబ్బరును, దానిలోని దారములును, ఉక్కుతీగెలును ఆ గాలిని పట్టియుంచు తిత్తి మాత్రమే. ఎంత గాలిని, ఎంత ఒత్తిడితో, ఏ తిత్తి పట్టగలదను దానినిబట్టియే ఎంత బరువు మోయునో తేలును. కంటికి పెద్దదిగా కనబడిన టైరెల్ల ఎక్కువ బరువు మోయునని అనుకొనుట పొరపాటు. మేము చేసిన పొరపాటు అదియే.

ఇక టైరు ప్రక్కన వ్రాసియుండు అక్షరములను, పద్యమును గణవిభజన చేసినట్లు, విడదీసి చదువుదము. ఉదాహరణకు 215/75 ఆర్ 15 అని యున్నదనుకొనుడు. మొదటి 215 అనునది గాలి నిండిన టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవదైన 75, టైరు భుజము ఎత్తు ఆ వెడల్పులో నూటికి డెబ్బదియైదు పాళ్లని తెలుపును. అనగా 215లో ముప్పాతిక, 161 మిల్లీమీటర్ల పైచిల్లర. ‘ఆర్’ అనగా రేడియల్. టైరు లోపలి దారములు ఒక అంచునుండి మరియొక అంచునకు, ప్రక్కనుండి చూచినచో చక్రపు ఆకులవలె, నిలువుగా సాగియుండునని దాని యర్థము. ఈ పద్ధతికి ఫ్రాన్సు దేశపు మిషలిన్ సంస్థ 1946లో హక్కుపత్రము కోరినది. కడపటి 15, లోపలి ఇనుప రిమ్ము అడ్డుకొలత, అంగుళములలో. ఇట్లు ఒక్క పేరులోనే మూడు కొలమానములు కలిసియుండుట విచిత్రమే గాని, లోకమంతట అదియే వాడుక.

ఇప్పుడు లెక్క. 15 అంగుళములనగా 381 మిల్లీమీటర్లు. పైన ఒక భుజము, క్రింద ఒక భుజము. రెండును కలిసి 322.5. మొత్తము టైరు ఎత్తు 703.5 మిల్లీమీటర్లు. దీనికి బదులు 235/75 ఆర్ 15 వేసితిమనుకొందము. భుజములు రెండును 352.5, మొత్తము 733.5. ఎత్తులో పెరిగినది 30 మిల్లీమీటర్లు, అనగా నూటికి నాలుగు పాళ్లకు కొంచెము పైగా.

ముప్పది మిల్లీమీటర్లు పెరిగినదని సంతోషింపకుడు. ఇరుసు చక్రమునకు నడుమ నుండును గదా. కావున ఇరుసు నేలనుండి లేచునది అందులో సగమే, పదునైదు మిల్లీమీటర్లు. అది చిటికెనవ్రేలి మందము. ఇంత వ్యయముచేసి మనము కొనునది ఆ చిటికెనవ్రేలి ఎత్తని తెలిసి కొనవలెను. అది పనికిరానిదని నేననను. ఇరుసు నడుమనుండు డిఫరెన్షియలు గుండు రాతికి తగులుచున్నచో, దానిని ఎత్తగలిగినది పెద్ద టైరొక్కటియే. కమ్మిపట్టీలను పెంచి బండిపెట్టెను ఎంత పైకెత్తించినను ఆ గుండు వేలెడైనను లేవదు. అట్లుగాక తగులుచున్నది బండిపెట్టె అడుగో, వెనుక తోకయో అయినచో, దోషము టైరుది కాదు. బరువు మితిమీరి కమ్మిపట్టీలు అణగిపోవుచున్నవని అర్థము. అందుచేత మొదట బండిక్రిందికి వంగి చూచి, ఏ భాగమున రాతిదెబ్బలున్నవో కనుగొనుడు. రోగమెక్కడనో తెలియక మందు వేయరాదు.

పెద్ద టైరువలన పోవునదేమో వినుడు. చక్రము పెద్దదైనచో ఒక చుట్టునకు ఎక్కువ దూరము పోవును. ముందటి టైరు ఒక కిలోమీటరునకు సుమారు 452 చుట్లు తిరుగగా, ఇది 434 చుట్లే తిరుగును. వేగము చూపు ముల్లు చుట్లనే లెక్కించును గాని దూరమును చూడదు. అది గంటకు 80 కిలోమీటర్లని చూపునప్పుడు, టైరు మార్పు చేతనే అసలు వేగము 83 దాటి పెరుగును. దూరపు లెక్కలో 1,000 అని పడినచోట బండి 1,043 కిలోమీటర్లు నడచియుండును. నూనె మార్చుట మొదలగు పనులు ఆలస్యమగును. డీజిలు లీటరునకు ఎన్ని కిలోమీటర్లు వచ్చెనను లెక్కయు తప్పును.

అంతకంటె ముఖ్యమైనది బలము. ఏతాము దూలము పొడుగైనకొలది క్రిందికి లాగువాడు ఎక్కువ శ్రమపడునట్లు, చక్రము పెద్దదైనకొలది యంత్రము దానిని త్రిప్పుటకు ఎక్కువ శ్రమపడును. నేలకు చేరు లాగుడుబలము నూటికి నాలుగు పాళ్లు తగ్గును. బరువుతో గట్టు ఎక్కునప్పుడు, బురదనుండి కదలునప్పుడు క్లచ్చి ఎక్కువ అరుగును. అట్లే బ్రేకు. అదే కాలు, అదే నొక్కుడు. కాని పెద్ద చక్రమును ఆపునప్పుడు నేలమీద పడు పట్టు ఆ మేరకే తగ్గును. చక్రము బరువు పెరిగినచో మరికొంత. ఖాళీబండిలో ఈ భేదము తెలియదు. నిండుబరువుతో పల్లము దిగునప్పుడు తెలియును. అందుచేతనే, ఎత్తు భేదము నూటికి మూడు పాళ్లకు మించరాదని ఈ పనివారు సామాన్యముగా చెప్పుదురు. పైన నేను చూపిన మార్పు ఆ హద్దును దాటినది. అదే బండిని చేసినవారు, అదే నమూనాలో, ఆ పెద్ద కొలతను తామే ఇచ్చుచున్నచో వేరుమాట. వారు బ్రేకులను, గేర్లను దానికి సరిచూచియే ఇచ్చియుందురు. ఆ సంగతి బండితో వచ్చిన పుస్తకమున నుండును.

తరువాతి ప్రశ్న: ‘ఆల్ టెరైన్’ అనునదేమి? సర్వభూములకు తగినదని ఆ మాట అర్థము. టైర్లలో స్థూలముగా మూడు జాతులు. తారుదారికి చేసినవి, బురదకు చేసినవి, రెంటికి నడిమివి. తారుదారి టైరునకు సన్నని గాడులుండును. అది చప్పుడు చేయదు, తడిదారిలో చక్కగా ఆగును, డీజిలు పొదుపుచేయును. బురదటైరునకు పెద్ద పెద్ద దిమ్మెలు, వాని నడుమ వెడల్పైన సందులు ఉండును. అది బురదను త్రవ్వి వెనుకకు విసరును. తారుమీద మాత్రము రొదచేయును, త్వరగా అరుగును. ఆల్ టెరైన్ ఈ రెంటి నడిమిది. కంకరదారిలో, ఎఱ్ఱమట్టిలో, గరుసు డొంకలలో దానికి సాటిలేదు. దాని రబ్బరు దళసరిగా నుండుటచే తుమ్మముల్లునకును, పదునైన రాతికిని కొంత తట్టుకొనును.

కాని సర్వభూములన్న పేరు విని మోసపోవలదు. మన నల్లరేగడి సంగతి మీకు నేను చెప్పవలెనా? వానపడిన రేగడి ఎద్దు గిట్టకే గంపెడు అంటుకొనును. ఆల్ టెరైన్ టైరు సందులు రెండు చుట్లలో ఆ బంకతో నిండిపోవును. పిమ్మట అది గాడులు లేని టైరుతో సమానము. పైగా మన సరకుబండ్లలో చాలవానికి వెనుక చక్రములకు మాత్రమే యంత్రబలము అందును. ఒక చక్రము జారిన బలమంతయు ఆ జారుచక్రమునకే పోయి, రెండవది ఊరకయుండును. ఖాళీబండికి వెనుక బరువు లేదు గనుక ఇది మరింత. టైరు మార్చి ఈ గుణమును మార్చలేము. రేగడిచేనిలోనికి వానకాలమున పోవలసియున్నచో, చేనిగట్టుననే బండినాపి ట్రాక్టరుతోనో, ఎద్దులతోనో సరకును గట్టుకు చేర్చుకొనుటయే మేలు.

వెడల్పు విషయమును ఇట్లే ఆలోచింపవలెను. ఇసుకమీద వెడల్పు టైరు తేలును, అది మంచిది. పైన పలుచని బురద, అడుగున గట్టినేల యున్నచోట సన్నని టైరే బురదను కోసికొని అడుగునంటి పట్టు చిక్కించుకొనును. కావున “వెడల్పుగా నున్న దేదైనను మేలు” అను మాట అన్ని నేలలకును చెల్లదు. మీ ఊరి దారి ఎట్టిదో మీకంటె అంగడివానికి తెలియదు.

ఇంకొక హెచ్చరిక. పెద్ద టైర్లున్నవన్న ధైర్యముతో పారుచున్న వాగులోనికి బండిని దింపరాదు. రెండడుగుల పారునీరు చాల బండ్లను తోసికొనిపోగలదు. గాలితో నిండిన చక్రము నీటిలో తేలుటకే చూచును గాని నేలనంటి నిలువదు. వాగు తగ్గువరకు గట్టున కూర్చుండుట పిరికితనము కాదు.

ఇప్పుడు బరువు సంగతి. కొలత అంకెల తరువాత మరికొన్ని అంకెలును ఒక అక్షరమును ఉండును. ‘100 ఎస్’ అని గాని, ‘112/110 ఆర్’ అని గాని. ఇచ్చటి 100, 112 అనునవి కిలోలు కావు, సంకేతములు. 100 అనిన టైరు 800 కిలోలు మోయును. 105 అనిన 925, 108 అనిన 1,000, 112 అనిన 1,120 కిలోలు. రెండంకెలున్నచో మొదటిది ఒంటిటైరునకు, రెండవది ఒకేవైపున జంటగా బిగించునప్పటికి. చివరి అక్షరము వేగపు హద్దు: ‘క్యూ’ అనిన 160, ‘ఆర్’ అనిన 170, ‘ఎస్’ అనిన 180 కిలోమీటర్లు. మన బండ్లకు వేగముకంటె బరువే ముఖ్యము.

నిండుబరువున వెనుక ఇరుసుపై 1,800 కిలోలు పడునని అనుకొందము. 100 సంకేతము గల టైర్లు రెండు కలిసి మోయునది 1,600 మాత్రమే. 112 సంకేతము గలవి 2,240 మోయును. మొదటివి చూచుటకు ఎంత వెడల్పుగా నున్నను చాలవు. మావానికి చవుకగా వచ్చినవి మనుషులనెక్కించుకొను జీపుబండికి చేసిన టైర్లు. పాతవానికంటె వెడల్పైనవి, బరువు సంకేతమున తక్కువైనవి. టైరు తన శక్తికి మించి మోసినప్పుడు భుజము ప్రతి చుట్టునను లోతుగా వంగి లేచును. ఇనుపతీగెను పలుమార్లు అటునిటు వంచినచో వేడెక్కి తెగుట మీరెరుగుదురు. టైరు లోపలను జరుగునది అదియే. ఎండ దానికి తోడైనది.

కావున సరకుబండికి కొలత పేరుతో ‘ఎల్.టి.’ యనియో, ‘సి’ యనియో గుర్తున్న సరకుబండి టైర్లనే కొనవలెను. క్రొత్త టైరు బరువు సంకేతము పాతదానికి సమానముగనో ఎక్కువగనో ఉండవలెను. ఒక్క అంకెయైనను తగ్గరాదు. అయితే ఎక్కువ మోయు టైరు వేసినంతమాత్రమున బండి మోతబరువు పెరుగదు. బండి కమ్మిపట్టీలు, ఇరుసు, బ్రేకులు మారలేదు. పత్రములలో వ్రాసిన బరువును మారలేదు. పెద్దకుండ నెత్తిన పెట్టుకొన్నంతనే మెడకు బలము రాదు గదా.

వయస్సు కనుగొనుట సులభము. ‘డి.ఓ.టి.’ అను అక్షరముల వరుస చివర నాలుగంకెలుండును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. వాడకపోయినను రబ్బరు కాలముచేత గట్టిపడును, పగుళ్లు వారును. వాడిన టైర్లను చవుకగా నున్నవని కొనుట, ఎవరు మోపిన బరువులో, ఎక్కడ తిన్న దెబ్బలో తెలియక, ముసలియెద్దును కొమ్ములకు రంగువేసియుండగా కొనుటవంటిది. నాలుగు క్రొత్తవి కొను శక్తి లేనప్పుడు మంచి కొలతలో రెండు కొని ఒకే ఇరుసునకు బిగించుకొనుట మేలు. టైరుమీద ఐ.ఎస్.ఐ. ముద్ర యున్నదో లేదో చూడుడు.

గాడుల లోతును చట్టమే విధించినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 94వది, ఇట్టి బండ్లకు గాడిలోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదనుచున్నది. టైరు గాడులలో అడ్డముగా చిన్న కట్టలవంటివి కనబడును. పైరబ్బరు అరిగి వానికి సమానమైనచో ఆ హద్దు వచ్చినదని తెలియవలెను.

“తా దూర సందు లేదు, మెడకొక డోలు” అను సామెత మీరెరిగినదే. పెద్ద టైరునకు బండిక్రింద చోటుండవలెను. ఖాళీబండిలో, చక్రములు తిన్నగా నున్నప్పుడు చూచి సరిపోయినదనరాదు. స్టీరింగును కుడికి కడవరకు, ఎడమకు కడవరకు త్రిప్పి చూడవలెను. నిండుబరువు వేసి, ఒక చక్రమును గట్టుమీదికెక్కించి, లోపలివైపు ఎక్కడనైన రాచుకొనుచున్నదేమో దీపము పెట్టి చూడవలెను. రిమ్ము అడ్డుకొలత టైరుమీది అంకెతో సరిగా కలియవలెను. 15 అంగుళముల రిమ్మునకు 16 అంగుళముల టైరును ఎన్నడును బిగింపరాదు. రిమ్ము వెడల్పును ఆ టైరునకు తగినదై యుండవలెను. ఒకే ఇరుసుమీద రెండు కొలతలు, రెండు జాతులు కలుపరాదు. నాలుగు చక్రములకును యంత్రబలమందు బండియైనచో నాలుగును ఒకే ఎత్తున నుండవలెను. లేనిచో గేర్లు ఒకదానితోనొకటి పెనగులాడి చెడును. స్టెప్నీని మరువకుడు. నాలుగు పెద్దవి, ఐదవది చిన్నదైనచో అవసరమునకు అది చిక్కే తెచ్చును.

చట్టపు సంగతి యొకటి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడ ఆ సెక్షనును గట్టిగా పాటింపవలెనని తీర్పు చెప్పినది. పుస్తకమున లేని కొలత వేయించినచో, ప్రమాదము జరిగిననాడు బీమా వారితో వాదము పడవలసివచ్చును. రవాణా కార్యాలయమున ముందుగా అడిగి తెలిసికొనుట మంచిది.

చివరకు గాలి. మొదటనే మనవి చేసితిని, మోయునది గాలియని. బండి తలుపు దగ్గరనో పుస్తకమందో ఎంత గాలి యుండవలెనో వ్రాసియుండును. అది మొదటి టైర్లకు. జాతి మార్చినప్పుడు టైరు చేసినవారి పట్టికను అడిగి, ఖాళీకెంత, నిండుబరువునకెంత యని వ్రాయించుకొనవలెను. ఉదయమున బండి కదలకమునుపు, టైరు చల్లగా నున్నప్పుడు కొలువవలెను. ఎండలో నడచివచ్చిన టైరున ఒత్తిడి పెరిగి కనబడును. అది చూచి గాలి తీసివేయరాదు. ఇసుకలో దాటుటకై కొందరు గాలి తగ్గింతురు. దాటిన వెంటనే మరల నింపక తారుదారినెక్కినచో, పైన చెప్పిన వేడి, పైన చెప్పిన పగులుడు తప్పవు.

ఇన్నియు విన్నపిదప మావాడేమి చేసెనని మీరు అడుగవచ్చును. ఆ మేస్త్రితో కలిసి బండిక్రింద చూచితిమి. దెబ్బలన్నియు బండిపెట్టె తోకమీదనే యున్నవి. డిఫరెన్షియలు గుండుమీద ఒక్కటియు లేదు. పెద్ద టైర్ల యక్కర మొదటినుండియు లేదని అప్పుడు తెలిసినది. ముందటి కొలతలోనే, తగిన బరువు సంకేతము గల ఆల్ టెరైన్ టైర్లు క్రొత్తవి కొనిపెట్టితిని. రెండు దఫాలుగా పోవలసిన సరకును ఒకే దఫాలో కుక్కుట మాన్పించితిని. డొంకలో పొడుచుకొనియున్న రాళ్లు నాలుగైదు. ఊరివారము ఒక పూట గునపములతో వానిని పెకలించి, గుంటలలో మొరము పోసితిమి. ఆ పూట ఆ చేయివిరిగిన మనిషియు వచ్చి, ఎడమచేతితో గంప అందించెను. వలదన్నను వినలేదు.

పెద్దలారా, మీ ఇంటి కుఱ్ఱవాడు రేపు మీయొద్దకు వచ్చి పెద్ద టైర్లకు డబ్బడిగినచో, వానిని కసరకుడు. ఊరకయు ఇయ్యకుడు. బండి ఎక్కడ తగులుచున్నదిరా, టైరు బరువు సంకేతమెంత, ఏ యేటిది, పుస్తకమున ఉన్నదా, నిండుబరువులో రాచుకొనునా అని ఈ అయిదు ప్రశ్నలు అడుగుడు. జవాబులు తెచ్చినవానికి సంతోషముగా ఇండు. నేను అడుగక ఇచ్చితిని.